ఒకే కొండ, రెండు రాష్ట్రాలు

సెలవులు వచ్చాయంటే మనవాళ్ళ చూపు చిఖల్‌దరా మీదికో, మహాబలేశ్వరం మీదికో పోతుంది. చుట్టాలు వచ్చి "మీ చంద్రపూర్‌లో చూడ్డానికేముంది?" అంటే తాడోబా పులులు, మహాకాళి గుడి చెప్పి ఊరుకుంటాం. రాజురా అవతల దక్షిణాన ఉన్న కొండల సంగతి ఎవరూ ఎత్తరు. ఈసారి మన శీర్షిక వాటి గురించే.

అజంతా వైపు నుంచి ఆగ్నేయంగా సాగి వచ్చిన సహ్యాద్రి పాయ ఇది. ఇక్కడ మాణిక్‌గఢ్ కొండలంటాం. అటువైపు వాళ్ళు కెరమెరి గుట్టలంటారు, ఉట్నూరు గుట్టలంటారు. ఇంచుమించు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన నల్లరాయి. అందుకే ఇక్కడ కోసుగా ఉండే శిఖరాలు తక్కువ. పైన బల్లపరుపు, పక్కన నిట్టనిలువు. అంచుల్లో అంతకంటే పాతదైన సున్నపురాయి బయటపడుతుంది. గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలు దాని చలవే. ఉత్తరపు వాలు నీళ్ళు పెన్‌గంగ, వార్ధాలకు, దక్షిణపు నీళ్ళు గోదావరికి. ఆ దక్షిణపు నీళ్ళలోనిదే కడెం వాగు. కుంటాల దగ్గర సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది.

గడ్‌చాందూర్ దాటి జివతి వైపు వెళితే మాణిక్‌గఢ్ కోట. నాగవంశ రాజులు కట్టించారని చెబుతారు. నల్లరాతి గోడలు సగం అడవిలో కలిసిపోయాయి. వానాకాలం తర్వాత బురుజు మీద నిలబడితే కళ్ళు చాలవు.

ఈ రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ముందు నాందేడ్‌లో చేర్చి, 1959లో చంద్రపూర్‌కు ఇచ్చారు. గీత మారింది కానీ గోండుల చుట్టరికాలు మారలేదు. కెరమెరి మండలంలో గుహలో వెలసిన జంగుబాయి దగ్గరికి పుష్యమాసంలో రెండు రాష్ట్రాల నుంచీ బండ్లు కట్టుకుని వస్తారు. 1940లో నిజాం పోలీసుల తూటాలకు కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ ఈ కొండల్లోదే. అక్కడ ఇప్పుడు స్మారకం, మ్యూజియం ఉన్నాయి. ఆ పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. భార్య ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన కనకరాజు కూడా మార్లవాయి వారే.

ఇంత ఉండీ యాత్రికులు ఎందుకు రారు? రోడ్లు, ప్రచారం అంటారు. నేను బ్యాంకు మనిషిని, నాకు కాగితం కనిపిస్తుంది. కొండ మీది రైతు ఇంటికి రెండు గదులు కలిపి అతిథులకు ఇవ్వాలనుకుంటే అప్పు కావాలి. అప్పుకు పట్టా కావాలి. పోడు భూముల్లో చాలామందికి అదే లేదు. జివతి, కెరమెరిల మధ్య ఉన్న పద్నాలుగు గ్రామాల సంగతి మరీ విచిత్రం. రెండు రాష్ట్రాలూ తమవే అంటాయి, జనం ఏళ్ళ తరబడి రెండు చోట్లా ఓటేశారు, పట్టా ఎవరిస్తారో మాత్రం తేలలేదు. 2025 జులైలో మహారాష్ట్ర వాటిని చంద్రపూర్ జిల్లాలో కలుపుకుంటామని ప్రకటించింది.

అదే ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం తాడోబా, కవ్వాల్ అడవులను కలిపే పులుల దారిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. భూములు పోతాయని ఆదివాసులు అడ్డం తిరిగితే జులైలో ఆపేసింది. వాళ్ళ భయాన్ని తప్పు పట్టలేం. తాడోబా నడిబొడ్డున ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించడం మనకు తెలిసిందే. అయితే మోహర్లీ గేటు దగ్గర జిప్సీలు నడిపేదీ, గైడ్లుగా బతుకుతున్నదీ స్థానిక కుర్రాళ్ళే. పులితో పాటు పట్టా కూడా వస్తుందంటే కొండ మీది మనిషి కాదనడు. బయటివాళ్ళ రిసార్టు ముందొచ్చి, పట్టా ఆ తర్వాతెప్పుడో వస్తే మాత్రం అతను కాపలాదారుగా మిగులుతాడు.

వెళ్ళదలచిన కుటుంబాలకు రెండు మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. బల్లార్షా నుంచి ఆసిఫాబాద్ రోడ్ వరకు రైలుంది, అక్కడి నుంచి కెరమెరి మీదుగా జోడేఘాట్. కుంటాల గుండంలో ఎవరినీ దిగనివ్వకండి, చాలా ప్రాణాలు పోయాయి. తిండి పొట్లాలు ఇంటి నుంచి కట్టుకుపోకుండా, దారిలో ఏదైనా గూడెంలో ముందే చెప్పి జొన్నరొట్టెలు చేయించుకోండి. వాళ్ళు అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి.