కుర్చీ ఎవరిదన్నది ఇంటి గొడవ కాదు

ధర్మసంస్థలో పెత్తనం కోసం రెండు వర్గాలు తలపడ్డప్పుడల్లా పెద్దమనుషుల నోట ఒకే మాట వస్తుంది: "వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి గానీ, కోర్టుకేం పని?" వకీళ్లు ఇదే మాటను కాస్త ఇస్త్రీ చేసి చెబుతారు. అధ్యక్ష పదవి తగాదా వ్యక్తుల సొంత హక్కుల తగాదా అట. అందులో ప్రజల ప్రయోజనం లేదట. కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ఎవరైనా దావాకు అనుమతి అడిగితే గుమ్మంలోనే తిప్పి పంపాలట. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని వివేకం అనుకుంటున్నారు. ఈ వివేకం వల్ల ఎవరు బాగుపడుతున్నారో, ఎవరి నోరు మూతపడుతోందో చూస్తే ఆ మాట అనరు.

ముందు ఆ సెక్షన్‌లో ఉన్నదేమిటో చూద్దాం. ప్రజల మేలు కోసం పెట్టిన ట్రస్టులో నమ్మకద్రోహం జరిగిందన్న ఆరోపణ ఉన్నప్పుడు, లేదా ట్రస్టు నడవడానికి కోర్టు ఆదేశం అవసరమైనప్పుడు, అడ్వకేట్ జనరల్ గానీ, ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న కనీసం ఇద్దరు గానీ దావా వేయవచ్చు. అలా వచ్చేవాళ్లకు కోర్టు అనుమతి కావాలి. 1976 సవరణకు ముందు వాళ్లు అడ్వకేట్ జనరల్ రాతపూర్వక సమ్మతి తెచ్చుకోవాల్సి వచ్చేది. ధర్మకర్తను తొలగించడం, కొత్తవారిని నియమించడం, లెక్కలు చెప్పించడం, ఆస్తి అమ్మకానికో లీజుకో అనుమతినివ్వడం, సంస్థ నడకకు ఒక స్కీమ్ రాసిపెట్టడం, ఇవన్నీ ఆ కోర్టు చేయగలదు. మన వాదనల్లో ఎప్పుడూ నమ్మకద్రోహం గురించే వింటాం. కోర్టు ఆదేశం అవసరమైతే చాలునన్న రెండో భాగాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. నిజానికి కుర్చీ తగాదాకు సరిపోయేది అదే. అక్కడ డబ్బు ఎవరూ తిని ఉండనక్కర్లేదు. సంతకం ఎవరు పెట్టాలో తెలియకపోతే చాలు, ట్రస్టు ఆగిపోతుంది.

ఎలా ఆగిపోతుందో చూడండి. ఒక పట్టణంలో పేద విద్యార్థుల వసతిగృహం, దాని ఖర్చుకు మెయిన్ రోడ్డు మీద నాలుగు షాపుల అద్దె. చైర్మన్ పోయాడు. పదకొండో రోజు కాకుండానే ఒకే ఆదివారం రెండు సమావేశాలు, ఒకటి వసతిగృహం హాల్లో, ఒకటి ఎవరి ఇంట్లోనో. రెండు మినిట్స్ పుస్తకాలు పుడతాయి, రెండు రబ్బరు స్టాంపులు తయారవుతాయి. సోమవారం బ్యాంకుకు రెండు ఉత్తరాలు చేరతాయి. మేనేజరు రెండూ చదివి, "మీలో ఎవరో ఒకరు కోర్టు ఆర్డరు పట్టుకురండి" అని ఖాతా ఆపేస్తాడు. ఆయన తప్పేం లేదు. కిరాణా కొట్టువాడు రెండు నెలలు చూసి బియ్యం ఆపుతాడు. వంటమనిషి జీతం నిలిచిపోతుంది. షాపుల్లో ఉన్నవాళ్లు మాత్రం హాయిగా ఉంటారు. అద్దె ఎవరికివ్వాలో తెలియదని చెప్పి ఎవరికీ ఇవ్వరు. ఇక దావా పడుతుంది. వాది తానే చైర్మన్నంటాడు, ప్రతివాది తానే చైర్మన్నంటాడు. ఆ కట్టలో వసతిగృహంలో ఉండే పిల్లవాడి పేరు ఎక్కడా ఉండదు.

దీన్ని "సొంత హక్కు" అంటున్నారు.

ఈ వాదానికి బలం సుప్రీంకోర్టు తీర్పుల నుంచే వచ్చింది, కాదనను. 1974లో స్వామి పరమాత్మానంద సరస్వతి కేసులో, 92వ సెక్షన్ దావా ప్రత్యేకమైనదని, అడిగిన ఉపశమనాలను కాక దావా వెనకున్న అసలు ఉద్దేశాన్ని చూడాలని చెప్పింది. అది జ్యోతిర్మఠ పీఠాధిపతి ఎవరన్న తగాదా. పీఠం మీద వ్యక్తిగత హక్కు నిలబెట్టుకోవడానికి వేసిన దావా కాబట్టి 92 కిందకు రాదంది. 2008లో విద్యోదయ ట్రస్టు కేసులోనూ అదే హెచ్చరిక: ధర్మకర్తల మధ్య కక్షలకు ఈ సెక్షన్‌ను వాడుకోనివ్వకండి అని. హెచ్చరికగా అది న్యాయమే. ట్రస్టు లెక్కలతో నిమిత్తం లేకుండా పగ తీర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఉంటారు. అయితే కింది కోర్టుల్లో ఈ హెచ్చరిక సూత్రమై కూర్చుంది. అర్జీలో చైర్మన్ అన్న పదం కనబడగానే "ఇది పర్సనల్ డిస్ప్యూట్, మామూలు దావా వేసుకోండి" అనడం అలవాటైపోయింది.

మామూలు దావా వేసుకుంటే ఏమవుతుందో ఆ జ్యోతిర్మఠమే చెబుతుంది. దాని పీఠాధిపతి బ్రహ్మానంద సరస్వతి 1953లో పరమపదించారు. అప్పటి నుంచి వారసత్వం మీద పోరు నడుస్తూనే ఉంది. 1989లో స్వరూపానంద సరస్వతి వాసుదేవానంద సరస్వతి మీద వేసిన దావాలో అలహాబాదు కింది కోర్టు 2015లో తీర్పునిచ్చింది. 2017లో హైకోర్టు ఇద్దరిలో ఎవరినీ శంకరాచార్యులుగా ఒప్పుకోకుండా, మూడు నెలల్లో కొత్తగా ఎంపిక జరపమంది. అన్నేళ్ల తర్వాత వచ్చిన జవాబు ఇద్దరూ కాదని! 92 కింద నడిచి ఉంటే చప్పున తేలేదని నేను హామీ ఇవ్వలేను. మన కోర్టుల నడక నాకూ తెలుసు. కానీ ఎంపిక ఎలా జరగాలి, ఖాళీ వస్తే మధ్యలో ఎవరు చూడాలి అన్న స్కీమ్ ఒకటి ఆ కోర్టు రాయగలిగేది. ఇద్దరు స్వాముల మధ్య ఎవరు నెగ్గారన్న దావాలో ఆ ప్రశ్నకు చోటే లేదు.

ఆలస్యం కన్నా పెద్ద నష్టం రాజీ. రెండు వర్గాల మామూలు దావాలో ఇద్దరూ ఎప్పుడైనా చేతులు కలపవచ్చు. నువ్వు చైర్మన్, నేను కార్యదర్శి. కాలేజీ నీకు, షాపింగ్ కాంప్లెక్సు నాకు. రాజీ పత్రం మీద సంతకాలు, ఆ మేరకు డిక్రీ. అదే 92వ సెక్షన్ దావా అయితే అంత సులువు కాదు. 1976లోనే ఆర్డర్ 23లో 3బి నిబంధన చేర్చారు. ప్రాతినిధ్య దావాల్లో కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదు, అనుమతినిచ్చే ముందు సంబంధం ఉన్నవారికి నోటీసు వెళ్లాలి. 92 కింద దావాలను పేరు పెట్టి మరీ అందులో చేర్చారు. 1989లో వెంకటరాయులు నాయుడు చారిటీస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కాగితం మీద పేరున్న వాదులే కాదు, ట్రస్టుతో సంబంధం ఉన్న వారంతా ఆ దావాలో పక్షాలేనంది. ట్రస్టు ఆస్తిని ప్రైవేటు బేరంతో అమ్మడాన్ని ప్రశ్నించడానికి దావాలో పేరు లేని మనుషులకు అలా దారి దొరికింది. నాయకత్వ తగాదాను "సొంత హక్కు" గదిలోకి నెట్టేస్తే ఈ రక్షణలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. తగాదా పడే ఇద్దరికీ కావలసింది అదే. అందుకే "ఇది మా అంతర్గత వ్యవహారం" అన్న మాట దగ్గర మాత్రం ఇరుపక్షాలకూ గట్టి ఏకాభిప్రాయం!

ఎదుటివారి వాదాల్లో బలమైనది ఒకటుంది. ఫలానావాడే ధర్మకర్త అని ప్రకటించే అధికారం 92లోని జాబితాలో లేదు, జాబితా చివరన ఉన్న "ఇతర ఉపశమనం" కూడా పైవాటి కోవకే చెందాలని ఏనాడో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. నిజమే. అయితే ఆ ప్రకటన ఎవరికి కావాలి? కుర్చీ కోసం వచ్చినవాడికి. ట్రస్టుకు కావలసింది సరైన నియామకం, ఇప్పటిదాకా జరిగినదానికి లెక్క, రేపటికి స్కీమ్. మూడూ జాబితాలో ఉన్నాయి.

కోర్టు తలుపు మూస్తే తగాదా ఇంటికి వెళ్లిపోదని ఆంధ్రప్రదేశ్‌లో మనం చూశాం. సివిల్ జడ్జి లేని చోటికి సెక్రటేరియట్ వస్తుంది. విజయనగరం మాన్సాస్ ట్రస్టును పి.వి.జి. రాజు 1958లో స్థాపించారు. వేల ఎకరాల భూములు, కోటలోనే కాలేజీలు. ఆనంద గజపతిరాజు 2016లో మరణించాక తమ్ముడు అశోక్ గజపతిరాజు చైర్మన్ అయ్యారు. 2020 మార్చిలో ప్రభుత్వం జీవోలతో ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితా గజపతిరాజును ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసి అశోక్‌ను తిరిగి చైర్మన్ చేసింది. ఆ జూలైలో జీతాలు అందక సిబ్బంది రోడ్డెక్కారు. వంశంలో పెద్ద మగవాడికే పీఠం అన్న ఆ ట్రస్టు నియమం మీద నాకు మోజేమీ లేదు. ఈ కాలానికి తగదనిపిస్తే దాన్ని మార్చమని అందరి ముందూ వాదించి ఆర్డరు తెచ్చుకోవాలి. రాత్రికి రాత్రి జీవో అందుకు దారి కాదు. ఇక్కడ ఎండోమెంట్స్ చట్టం ఉంది కాబట్టి దారులు వేరన్న మాట నిజమే. 1987 చట్టం కింద వ్యవస్థాపక కుటుంబ వివాదాలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, సివిల్ కోర్టులకు అడ్డుకట్ట కూడా ఉంది. మహారాష్ట్రలోనూ అంతే, అక్కడ ఛారిటీ కమిషనర్ ముందు చేంజ్ రిపోర్టు దాఖలు చేయాలి. ఎండోమెంట్స్ ట్రిబ్యునల్ కూడా సాక్ష్యం విని తీర్పు చెప్పవలసిన వేదికే, అధికారి కుర్చీ కాదు. నా పేచీ వేదిక పేరుతో కాదు, ఏ వేదికా వద్దనే వాదంతో.

తలుపు తెరిస్తే కోర్టులు నిండిపోతాయన్నది మరో బెదిరింపు. అనుమతి అన్న జల్లెడ పెట్టిందే అందుకు. ఎదుటి పక్షానికి నోటీసు ఇచ్చి విన్నాకే అనుమతినివ్వడం మంచిదని నారాయణ చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఆ విచారణలో జడ్జి అడగవలసినవి చిన్న ప్రశ్నలే. ట్రస్టు డీడ్ ఏది? ఖాళీ వస్తే ఏం చేయాలని అందులో ఉంది? ఖాతా ఎవరి సంతకంతో నడుస్తోంది? గత మూడేళ్ల ఆడిట్ ఏది? అర్జీ వేసినవాళ్లు సంస్థ నుంచి ఏం కోరుతున్నారు, తమ కోసం ఏం కోరుతున్నారు? కక్షతో వచ్చినవాడు రెండో వాయిదాకే బయటపడతాడు. బయటపడకపోతే అనుమతినివ్వాలి, ఖాతాకు తాత్కాలికంగా ఒక అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టాలి, నోటీసును కోర్టు బోర్డు మీదే కాక వసతిగృహం గేటుకు, ఆ నాలుగు షాపుల తలుపులకు కూడా అంటించాలి.