ఎర్రగడ్డకు చీటీ రాసే ముందు
తెలంగాణ ప్రభుత్వ వైద్య, ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

స్కిజోఫ్రీనియాకో బైపోలార్ రుగ్మతకో ఏళ్ల తరబడి మందులు వాడుతున్న వృద్ధులు హఠాత్తుగా అయోమయంలో పడి క్యాజువాలిటీకి వచ్చినప్పుడు ముందుగా పరీక్షించవలసింది వారి ఒంటిని. పాత చీటీలో మానసిక వ్యాధి పేరు కనబడగానే కొత్త లక్షణాలన్నిటినీ దాని ఖాతాలోనే వేసే పొరపాటు వైద్యశాస్త్రానికి తెలియనిది కాదు.

గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తలెత్తి, కాసేపు తగ్గి మళ్లీ ముదిరే అయోమయాన్ని డెలీరియం అంటారు. ఏళ్ల మీద నెమ్మదిగా కమ్ముకొచ్చే మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, దీనికి భిన్నమైనా ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం పడిపోవడం డెలీరియానికి తరచుగా కనిపించే కారణాలు. కేకలు వేసే రోగి కనీసం కంటపడతాడు. మంచం మీద ముడుచుకుని మాటకు బదులివ్వని ముసలామె కూడా డెలీరియంలోనే ఉండవచ్చునన్న అనుమానం తేలిగ్గా రాదు. ఇక మందుల సంగతి మరీ చిక్కు. బైపోలార్ రుగ్మతకు వాడే లిథియం మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి గనుక, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి కొన్న డైక్లోఫెనాక్ బిళ్లలు తోడైనా, అది రక్తంలో పేరుకుపోయి వణుకు, తూలుడు, మత్తు తెచ్చిపెట్టవచ్చు. యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే కండరాల బిగుతుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల్లో అయోమయానికీ, మూత్రం ఆగిపోవడానికీ దారితీయవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రాసిచ్చే చీటీతో నయమయ్యేది కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, శారీరక రోగులకు అందే నాణ్యతతోనే మానసిక రోగులకూ అత్యవసర సేవలు, అంబులెన్సులు అందాలంటుంది. ప్రాణాపాయం వంటి పరిస్థితుల్లో రిజిస్టరైన ఏ వైద్యుడైనా, సైకియాట్రిస్టు కాకపోయినా, రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆ వ్యక్తి సమ్మతితో, 72 గంటలకు మించకుండా చికిత్స చేయవచ్చని 94వ సెక్షన్ చెబుతుంది. మానసిక వైద్యశాలకు తరలించడాన్ని ఆ చట్టం కాదనలేదు గానీ, పరీక్షకు బదులుగా తరలించమని ఎక్కడా అనలేదు.

అందువల్ల జ్వరం, ఆక్సిజన్, చక్కెర, సోడియం, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, లిథియం వాడేవారికి రక్తంలో దాని స్థాయి చూడకుండా, అరవై దాటిన ఏ రోగినీ మానసిక వైద్యశాలకు రిఫర్ చేయరాదని శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. గత వారం రోగి ఎలా ఉన్నాడో వెంట వచ్చినవారిని అడిగి కేస్ షీటులో రాయడం కూడా అందులో చేరాలి. పైసా ఖర్చు లేని ఆ ఒక్క ప్రశ్నే చాలాసార్లు డెలీరియాన్ని పట్టిస్తుంది.