కళ్లలోకి చూడకపోవడం నేరమా?

పోలీసు లాఠీ ఎత్తేముందు మనిషిని ఒకసారి ఎగాదిగా చూస్తాడు. చూపు తప్పిస్తున్నాడా? అడిగినదానికి వెంటనే జవాబిస్తున్నాడా? చేతులు కదపకుండా నిలబడ్డాడా? మనల్ని చూసి పరిగెత్తాడా? వీటిని బట్టి దొంగో, అల్లరిమూకో తేల్చేస్తాడు. ఆటిజం ఉన్న పిల్లాడు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడు ఈ పరీక్షలో ప్రతిసారీ తప్పుతారు. ఆదివాసీ పిల్లాడైతే పరీక్ష మొదలవకముందే తప్పుతాడు. ఈ రెండూ ఒకే పిల్లాడిలో ఉంటే ఏమవుతుందన్నది మన సంఘాల సభల్లో ఎవరూ మాట్లాడటం లేదు.

మా ఎరుకలోళ్లకు ఈ చూపు కొత్తది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. మనిషి ఏం చేశాడన్నది అక్కర్లేదు, ఎవరి కడుపున పుట్టాడన్నదే నేరం. స్టేషన్లో పేరు, వేలిముద్రలు, వేళకు హాజరు, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ చూపు మాత్రం ఉద్యోగంలోనే ఉంది, రిటైరవలేదు. ఇప్పటికీ ఊళ్లో ఒక కోడి పోయినా ముందు మా గుడిసెల వైపే చూస్తారు.

ఇక ఈ పిల్లల సంగతి. ఆటిజం అంటే పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, పెంపకం లోపం అంతకన్నా కాదు. చెవి, కన్ను, ముక్కు, చర్మం లోకాన్ని వేరే మోతాదులో అందుకుంటాయి. మనకు మామూలుగా వినిపించే హారన్ కొందరికి చెవిలో మేకు దిగినట్టుంటుంది. ఎదుటివాడి కళ్లలోకి చూడటం వాళ్లకు కష్టం. కొందరు అడిగిన ప్రశ్ననే తిరిగి అంటారు. "ఏరా, ఎక్కడికి?" అని కానిస్టేబులు అడిగితే "ఏరా, ఎక్కడికి?" అంటాడు. వెక్కిరిస్తున్నాడనుకుంటారు. మన గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కుంది. ఇక్కడ "అండి" లేని మాట తిట్టుతో సమానం. ఈ పిల్లలు కొందరు "అండి" అనరు, అనాలన్న సంగతే వాళ్లకు తట్టదు. "ఎంత పొగరురా నీకు" అన్న మాటా, దాని వెనకే చెంపదెబ్బా వస్తాయి. ఏడీహెచ్‌డీ పిల్లాడి తీరు వేరు. కదలకుండా ఉండమంటే ఉండలేడు, మాట పూర్తికాకముందే అడ్డొస్తాడు, ఉరుకు పుట్టిందంటే ఉరుకుతాడు. పోలీసుల ముందు ఉరకడం ఎంత ప్రమాదమో మనకు చెప్పాలా?

2016 జూలైలో అమెరికాలోని నార్త్ మయామీలో ఆటిజం ఉన్న ఒకాయన బొమ్మ లారీ పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. అది తుపాకీ అనుకున్నారు పోలీసులు. ఆయన సంరక్షకుడు పక్కనే వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, అది బొమ్మ అని అరుస్తూనే ఉన్నాడు. తూటా ఆ సంరక్షకుడి కాలికి తగిలింది. నేను గురిపెట్టింది ఆటిజం ఉన్న మనిషికి అని కాల్చిన పోలీసు తర్వాత చెప్పుకున్నాడు. అదో సంజాయిషీ!

అమెరికా దాకా ఎందుకు, మన తుందుర్రు భీమవరం పక్కనే. అక్కడి ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌ను పాడుచేస్తాయని మత్స్యకారులు, రైతులు, దళితులు అడ్డుకున్నారు. 2016లో తుందుర్రు, జొన్నలగరువు, బేతపూడి గ్రామాల్లో 144 సెక్షన్ పెట్టారు, పోలీసులను దించారు, ఆడవాళ్లను కూడా జైలుకు పంపారు, హత్యాయత్నం కేసులు పెట్టారు. వాళ్ల భయం ఉత్త భయం కాదని 2017 మార్చి 30న తెలిసింది. పక్కన మొగల్తూరులో ఒక ఆక్వా ప్లాంటులో విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు.

అలాంటి ఊళ్లో ఆటిజం ఉన్న పిల్లాడికి 144 సెక్షన్ అంటే ఏమిటో ఆలోచించండి. అతనికి రోజూ ఒకే వేళకు ఒకే దారిన నడవాలి. ఆ దారిలో ఇప్పుడు బారికేడ్ ఉంది. జీపు సైరన్ ఉంది. ఎవరో భుజం మీద చెయ్యేస్తారు. ఆ చెయ్యి తగలగానే అతను అరుస్తాడు, కొరుకుతాడు, తల గోడకు కొట్టుకుంటాడు. కాగితం మీద అది "విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దాడి" అవుతుంది.

"అలాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవచ్చు కదా, ధర్నాలకు ఎందుకు తీసుకురావడం?" పోలీసులే కాదు, మన ఉద్యమకారులూ ఈ మాట అంటున్నారు. నాకు మండేది ఇక్కడే. మురుగు వాసన మనకు కంపు, ఆ పిల్లాడికి అన్నం మింగుడుపడనివ్వని నరకం. ఆ కాలువ గురించి మాట్లాడే హక్కు మనందరికన్నా ముందు వాడిది. 2018లో స్వీడన్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని ఒంటరిగా కూర్చున్న గ్రెటా థన్‌బర్గ్‌కు ఆటిజం ఉంది, ఆ సంగతి ఆమే చెప్పుకుంది. ఇంట్లో పెట్టుకోమని ఆమె తల్లిదండ్రులకు మన పెద్దలు సలహా ఇచ్చేవారా?

కేంద్ర బలగాలు దిగితే మాటే వేరు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది. అయినా అడవిలో మన కోయ బంధువులకు రోజూ ఎదురయ్యేది సీఆర్‌పీఎఫ్. 2021 మే 17న ఛత్తీస్‌గఢ్‌లోని సిలింగేర్‌లో క్యాంపు వద్దన్న ఆదివాసుల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. మన ఎస్సైకి కనీసం మన భాష తెలుసు, ఊరి పెద్దకు అతని ఫోన్ నంబరు తెలుసు. ఎక్కడినుంచో వచ్చిన జవాను హిందీలో "రుకో" అంటే, మామూలు కోయ కుర్రాడికే అర్థం కావడం కష్టం. మాటే రాని కుర్రాడి సంగతేమిటి? పైగా కేంద్ర సాయుధ బలగాల మీద ఫిర్యాదు చేస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ స్వయంగా విచారణ జరపలేదు. 1993 నాటి చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కేంద్రాన్ని నివేదిక అడుగుతుంది, అంతే. కేంద్ర సంస్థకు వికలాంగుడి అవసరం ఎలా కనిపిస్తుందో స్టాన్ స్వామి విషయంలో చూశాం. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసిన ఆ ముసలాయనకు పార్కిన్సన్స్, గ్లాసు పట్టుకుంటే చేతులు వణికేవి. 2020లో ఎన్ఐఏ అరెస్టు చేశాక, నీళ్లు తాగే స్ట్రా, సిప్పర్ కోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. జవాబివ్వడానికి ఎన్ఐఏ 20 రోజుల గడువు అడిగింది. 2021 జూలై 5న ఆయన కస్టడీలోనే పోయారు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది (ఏడీహెచ్‌డీ పేరు లేదు, అది వేరే పోరాటం). ఆ చట్టం 47వ సెక్షన్ పోలీసు అధికారుల శిక్షణలో వికలాంగుల హక్కులు తప్పనిసరిగా ఉండాలంటుంది. కొత్త నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, సాక్ష్యం కోసమని మానసిక, శారీరక వైకల్యం ఉన్నవాళ్లను స్టేషన్‌కు రప్పించకూడదు, వాళ్లుండే చోటికే పోలీసు వెళ్లాలి. మన గూడేల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

టీచర్లూ, మీతోనూ ఒక మాట. "నా మొహం చూసి మాట్లాడరా" అని తరగతిలో మనం అరిచే అరుపు స్టేషన్‌లో వినిపించేదే. కుదురులేని ఎరుకల పిల్లాడిని చూసి "వీళ్ల జాతే అంత" అని స్టాఫ్ రూములో నవ్వుకుంటే, వాడు ఏడో తరగతికి బడి మానేస్తాడు. సర్టిఫికెట్ ఉండదు, అది లేనివాడికి చట్టంలో చోటు దొరకదు. చేపల చెరువుల మీద కాపలా ఉండే యానాది కుటుంబం ఈ నెల ఒక గట్టు మీద, వచ్చే నెల ఇంకో గట్టు మీద. సచివాలయంలో సదరం స్లాటు వచ్చేసరికి వాళ్లు ఆ ఊళ్లోనే ఉండరు. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. ఆ టీచరును వెంటబెట్టుకుని మనమే గట్టు మీదకు వెళ్లాలి.

జేబులో ఒక అట్ట పెట్టమని కొందరు తల్లులకు నేనే చెబుతున్నాను: "నాకు ఆటిజం ఉంది. ముట్టుకోవద్దు, అరవవద్దు, ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఒక ముసలమ్మ ఆ అట్టను తిప్పి తిప్పి చూసి, "మా అయ్యకు కూడా ఇట్టాంటి చీటీ ఉండేదయ్యా, ఊరు దాటడానికి" అంది. ఆమె అన్నది నిజమే. అయినా ఆ అట్ట పెట్టమనే అంటాను, పోలీసు మారేదాకా పిల్లాడు బతికి ఉండాలి కదా. కానీ చీటీ మోసే బరువంతా మన పిల్లల జేబులకే ఎందుకు? నేర్చుకోవలసినవాడు నేర్చుకున్నాడా అని అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. భీమవరం, ఏలూరు జిల్లా పోలీసు కార్యాలయాలకు రెండు ప్రశ్నలు రాయండి: 2017 ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు 47వ సెక్షన్ కింద ఈ జిల్లాలో ఎంతమంది పోలీసులకు శిక్షణ ఇచ్చారు? ఆ పాఠంలో ఆటిజం ఉందా? 30 రోజుల్లో జవాబు రావాలి. ఏం జవాబు వచ్చినా, రాకపోయినా, దాన్ని తెచ్చి మన వచ్చే సభలో అందరి ముందు చదవండి.