అతుకుల జెట్టు

రిమోటు విమానాలు ఎగరేసే మనవాళ్ళలో ఈ మధ్య ఓ అలవాటు బాగా ముదిరింది. జెట్టు నేలకి గుద్దుకోగానే బాటరీ, రిసీవరు పీక్కుని, మిగతాదంతా చెత్తబుట్టలో పడేసి, కారెక్కేలోపే ఫోన్లో కొత్తది ఆర్డరు పెట్టేస్తున్నారు. డబ్బులు వాళ్ళవి, కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ చెత్తబుట్టలో పోయేది ఫోమ్ ఒక్కటే కాదు, ఈ సరదాలో ఉన్న అసలు సరుకు అని నా గట్టి అభిప్రాయం. అలాగని విరిగిన ప్రతిదాన్నీ అతికించేసి మళ్ళీ గాల్లోకి వదిలే పొదుపు మహాశయులన్నా నాకు భయమే. ఈ ఇద్దరి మధ్యా గీత ఎక్కడ గియ్యాలన్నదే నా గోల.

ముందు ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళకి రెండు ముక్కలు. బొమ్మ సైజులో నిజం జెట్ ఇంజన్ ఇంట్లోనే తయారు చెయ్యొచ్చని 1990ల మొదట్లో జర్మనీ ఆయన కుర్ట్ ష్రెక్లింగ్ చేసి చూపించాడు. అందులో గాలిని నొక్కే చక్రం చెక్కతో చేసిందంటే నమ్ముతారా! ఇప్పుడు దొరికే మోడల్ టర్బైన్లు కిరోసిన్ తాగుతాయి, ధర లక్షల్లో పలుకుతుంది. జీతం రాళ్ళ మీద బతికే మనలాంటివాళ్ళకి జెట్టు భాగ్యం కలిగించింది కరెంటే. ఒక గొట్టం, అందులో పది పన్నెండు రెక్కల చిన్న ఫ్యాను, దాని వెనక బ్రష్‌లెస్ మోటారు, ముందు లిథియం పాలిమర్ బాటరీ. అంతే. పొట్టలోంచి గాలి పీల్చి తోకలోంచి ఊదుతుంది. చూడ్డానికి ఫైటర్ విమానమే, లోపల మాత్రం మన టేబుల్ ఫ్యానుకి బాగా కోపమొచ్చినట్టుంటుంది.

ఇప్పుడు నా బల్ల మీదున్నది ఎఫ్-16 బొమ్మ. 64 మిల్లీమీటర్ల ఫ్యాను, నాలుగు సెల్లుల బాటరీ, అన్నీ కలిపి 1300 గ్రాములు. మా ఆఫీసులో ఓ కుర్రాడిది. ముక్కు మూడు ముక్కలైంది, ఎడమ రెక్క మొదలంటా చిరిగింది, గాలి లోపలికెళ్ళే మూతి అప్పచ్చి అయ్యింది. "వదిలెయ్ అన్నా, నీ గంట రేటు లెక్కేస్తే దీని బదులు కొత్తవి రెండొస్తాయి" అన్నాడు. గంట రేటు! శనివారం సాయంత్రం నేను ఎవరికి బిల్లు చేస్తున్నానట? టీవీ ముందు కూర్చున్న గంటకి లేని రేటు జిగురు డబ్బా పట్టుకున్న గంటకి ఎందుకొస్తుందో నాకర్థం కాదు. పైపెచ్చు ఆ మోడలు స్టాకు లేదని అతగాడికి తర్వాత తెలిసింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించి, విడి భాగాలకి మాత్రం వెసులుబాటు ఇచ్చింది. అప్పట్నుంచీ రెక్కలున్న రిమోటు బొమ్మ ఏదైనా బయటనుంచి తెప్పించాలంటే జనం జంకుతున్నారు. కాబట్టి రిపేరు అనేది ఇక్కడ ఉత్త ఆదర్శమేమీ కాదు.

అందరూ ముందు జిగురు తీస్తారు. ముందు తియ్యాల్సింది జిగురు కాదు, ఎందుకు పడిందన్న కారణం. ప్రొడక్షన్లో సర్వరు పడిపోతే రూట్ కాజ్ తేల్చేదాకా నిద్రపోనివ్వని మనుషులే, విమానం పడితే "గాలి ఎక్కువుంది బాస్" అని తేల్చేస్తారు. ఈ జెట్టు విషయంలో ఆ కుర్రాడిని అడిగింది ఒక్కటే, ఆఖరి రెండు సెకన్లలో ఏది మాట విన్నది, ఏది వినలేదు? పక్కలకి వాలడం విన్నది, ముక్కు పైకెత్తమంటే వినలేదు అన్నాడు. తోకలోని రెండు సర్వోలకీ వెళ్ళే వైరు విమానం నడుం దగ్గర ఒకే ఎక్స్‌టెన్షన్ ప్లగ్గుతో కలుస్తుంది. అక్కడ ఫోమ్ మీద చిన్న గీత కూడా పడలేదు, ప్లగ్గు మాత్రం ఊడి ఉంది. దెబ్బ తగలని చోట ఊడిందంటే గాల్లోనే వదులై ఉండాలి. ఇదే ముక్కులో ఊడి ఉంటే ఆ మాట అనలేం, గుద్దుకున్నప్పుడు లాక్కుపోయి ఉండొచ్చు. దానికి మందు ప్లగ్గు చుట్టూ నాలుగు చుట్లు దారం, పైన చిన్న టేపు. ఈ కారణం తేలకుండా ఎంత అందంగా అతికించినా, లేదా కొత్తదే కొన్నా, మళ్ళీ అదే ప్లగ్గు అలాగే ఊడేది.

ఇక ఫోమ్ సంగతి. ఈ జెట్లు చేసే ఈపీవో ఫోమ్ మన పెళ్ళి మండపాల థర్మోకోల్‌కి దూరపు చుట్టమే గానీ గుణాలు వేరు. థర్మోకోల్ మీద ఫెవిక్విక్ చుక్క వేస్తే బొక్క పడి మాయమైపోతుంది, ఈపీవో మీద చక్కగా పట్టుకుంటుంది. ఇంకో చిత్రం, నలిగిపోయిన ఈపీవోని సలసల కాగే నీళ్ళలో ముంచితే లోపలి గింజలు మళ్ళీ ఉబ్బుతాయి. ఎండిన మీల్‌మేకర్ నీళ్ళల్లో వేసినట్టే. అప్పచ్చి అయిన మూతి రెండు నిమిషాల్లో ముప్పాతిక వంతు పాత రూపానికొచ్చింది. రంగు కొంచెం లేచిపోతుంది, పైన చర్మం గరుకవుతుంది, అది భరించాలి. వంటింట్లో పెద్ద గిన్నె అడిగినప్పుడు వచ్చే చూపులు కూడా భరించాలి :-)

ముక్కు ముక్కలు జిగురు లేకుండా ఒకసారి పేర్చి చూసుకుని, విరిగిన గీతకి అడ్డంగా గాడి కోసి, 3 మిల్లీమీటర్ల కార్బన్ పుల్ల రెండువైపులా పది సెంటీమీటర్లు పోయేట్టు పెట్టి అరల్డైట్‌తో కూర్చాను. కార్బన్ లేకపోతే వెదురు పుల్ల ఏం తక్కువ కాదు. జిగురు అతుకుని పట్టుకుంటుంది, వంగే బరువుని మోసేది పుల్ల. చాలామంది పుల్ల వెయ్యకుండా జిగురే రెండింతలు పోస్తారు. అక్కడే చిక్కు.

ఎందుకంటే విమానంలో ప్రతి గ్రాముకీ ఒక అడ్రసు ఉంటుంది. తోక దగ్గర, బరువు తూగే కేంద్రానికి 33 సెంటీమీటర్లు వెనక, 40 గ్రాముల జిగురు ఎక్కువ పోశారనుకోండి. నాలుగ్గంటలు కూర్చుని నున్నగా రుద్దినా ఆ 40 గ్రాములు అక్కడే ఉంటాయి. సరిచెయ్యాలంటే 330 గ్రాముల బాటరీని 4 సెంటీమీటర్లు ముందుకి జరపాలి. ముందు జాగా లేదు అంటారా, 30 సెంటీమీటర్ల అవతల ముక్కులో 44 గ్రాముల సీసం పెట్టాలి. ఇప్పుడు మొత్తం 84 గ్రాములు పెరిగింది. 1300 మీద ఆరున్నర శాతం, పోతే పోనీ అనిపిస్తుంది. కానీ బరువు పెరిగితే దిగే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే నేలని తాకినప్పటి దెబ్బ పెరుగుతుంది. రెండూ కలిపితే దెబ్బలో శక్తి సుమారు 13 శాతం ఎక్కువ. పోయిన్సారి తట్టుకున్న అతుకు ఈసారి తట్టుకోదు, మళ్ళీ జిగురు. ఇలాగే రెండు మూడు రిపేర్లకి విమానం ఇటుకైపోతుంది. చిన్నప్పుడు గాలిపటానికి సూత్రం కట్టినవాడికి, తోకకి గుడ్డపేలిక కొంచెం పెంచి కొంచెం తగ్గించి చూసినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మన జెట్టు అదృష్టం బాగుండి అతుకులన్నీ ముక్కులోనే పడ్డాయి. 18 గ్రాములు పెరిగితే బాటరీని సెంటీమీటరున్నర వెనక్కి జరిపితే సరిపోయింది, సీసం అక్కర్లేకపోయింది.

రెక్క మాత్రం అతికించలేదు, కొత్తది కట్టాను. చిరిగింది మొదట్లో, అంటే అన్నిటికంటే ఎక్కువ బరువు మోసే చోట. దాన్ని కుట్టుకుంటూ కూర్చోవడం కంటే బయోఫోమ్ షీటు కోసుకోవడం సుఖం. పైన ఒక పొర, దానిమీద సగం వెడల్పున ఇంకో పొర వేస్తే మెట్టులా వస్తుంది. ఈ మెట్టు రెక్కని 1972లో క్లైన్, ఫోగల్‌మన్ అనే ఇద్దరు అమెరికాలో పేటెంటు చేయించారు, పుట్టుక మాత్రం క్లైన్ మడిచిన కాగితం విమానంలో ఉంది. పెద్ద విమానాల వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు గానీ కత్తి, స్కేలు మాత్రమే ఉన్న మనకి అది వరం. అయితే ఎడమది ఒక్కటే మారిస్తే రెండు రెక్కలూ రెండు రకాలుగా లేపుతాయి. కాబట్టి బాగున్న కుడి రెక్క కూడా తీసి, రెండూ ఒకే షీట్లోంచి కోశాను. బాగున్నదాన్ని తీసెయ్యడానికి చెయ్యి రాదు, నిజమే.

ఇంతవరకూ రిపేరు పక్షాన మాట్లాడాను కదా, ఇప్పుడు రెండోవైపు. ఈ ఫ్యాను నిమిషానికి 45 వేల చుట్లు తిరుగుతుందనుకుందాం, ఈ సైజుకి అది మామూలే. రెక్క కొస సెకనుకి 150 మీటర్లు, అంటే గంటకి 540 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఒక్కో రెక్క ఒక గ్రామే ఉంటుందనుకున్నా, ఆ వేగంలో అది మధ్యనున్న బొడ్డుని 50 కిలోలకి పైగా బలంతో బయటికి లాగుతుంది. రెండు బియ్యం బస్తాలన్నమాట. రెండు బియ్యం బస్తాలని ఫెవిక్విక్ చుక్కతో వేలాడదీసి కింద మీ అబ్బాయిని నిలబెడతారా? "ఒక్క రెక్క చివర చిన్న పగులే, గమ్ము పెట్టా, బానే తిరుగుతోంది" అని గర్వంగా చెప్పేవాళ్ళని చూశాను. అది తెగితే పల్చటి గొట్టం గోడ ఆపలేదు. ఫ్యాను చక్రం పగిలిందా, చెత్తబుట్ట. వంగిన షాఫ్టు, చెత్తబుట్ట. దీనికి రెండో ఆలోచన లేదు. ఇందులో పగుళ్ళు లేవు గానీ, ఫోమ్ ముక్క పీల్చి అంచులు గీరుకుపోయాయి, అందుకని మార్చేశాను. కొత్త చక్రం కూడా సమతూకం చూసుకోకుండా బిగించకూడదు. చేత్తో పట్టుకుని నడిపి చూడ్డం అనే విద్య అసలొద్దు, బల్లకి బిగించి, పక్కకి కాకుండా ముందువైపు దూరంగా నిలబడి, వాట్ మీటరుతో చూడాలి. 50 ఆంపియర్ల దగ్గర ఉండాల్సింది 60 చూపిస్తే ఎక్కడో రాసుకుంటోందని, లేదా గాలి దారి మూసుకుందని అనుమానించాలి.

బాటరీ గురించి ఇంకా కటువుగా చెప్తాను. ముక్కులో కూర్చునేది అదే కాబట్టి మొదటి దెబ్బ దానికే. పైకి సొట్ట లేకపోయినా లోపల పొరలు నలిగి ఉంటే కొన్ని గంటల తర్వాత కూడా అంటుకోగలదు. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ల నాలుగు సెల్లుల ప్యాకులో 44 వాట్ అవర్ల శక్తి, మన లాప్‌టాప్ బాటరీకి దగ్గర దగ్గర. లాప్‌టాప్‌కి గట్టి డబ్బా ఉంది, దీనికి ప్లాస్టిక్ తొడుగు. అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో, పక్కగదిలో అమ్మ పడుకుని ఉండగా, ఉబ్బిన ప్యాకుని "ఇంకో రెండు ఫ్లయిట్లు వస్తాయిలే" అని చార్జింగు పెట్టడాన్ని నేను పొదుపు అనలేను. పడిన బాటరీని ఆ రోజంతా ఆరుబయట ఇసుక పోసిన మట్టికుండలో ఉంచాలి. ఉబ్బినా, ఒక సెల్లు మిగతావాటితో కలవకపోయినా దాని కథ ముగిసినట్టే. 12 వోల్టుల కారు బల్బులు రెండు వరసగా కట్టి, బయటే పెట్టి ఖాళీ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. మామూలు చెత్తలో వేస్తే అది అంటుకునేది చెత్త ఎత్తే మనిషి చేతిలో.

సర్వోలు మధ్యరకం. మెల్లిగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి వినాలి, ఎక్కడైనా టక్కుమంటే పన్ను పోయినట్టే. గేర్లు విడిగా దొరికితే మార్చండి, లేకపోతే సర్వోనే మార్చండి. కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, కనెక్టర్లు, ష్రింక్ ట్యూబులు అన్నీ దొరుకుతాయి, వాటికి ఆన్‌లైన్లో తపస్సు చెయ్యక్కర్లేదు.

మొత్తం ఎన్నాళ్ళు పట్టింది అంటే నాలుగు వారాంతాలు. ఆ కుర్రాడు మొదటి వారం ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు, రెండో వారం నుంచి కత్తి పట్టుకున్నాడు. రెండేళ్ళుగా జెట్లు ఎగరేస్తున్నవాడికి లోపలి గొట్టంలో జిగురు బొడిపె ఉంటే గాలి చెదిరి తోపు తగ్గుతుందన్న సంగతి తెలీదు, ఎప్పుడూ లోపలికి చూడలేదు కనుక. ఇప్పుడు టార్చిలైటు వేసి వేలితో తడుముతున్నాడు. పెట్టె విప్పి స్క్రూలు నాలుగు బిగిస్తే ఎగిరే విమానం ఎగరేయడం నేర్పుతుంది, కాదనను. లోపల ఏముందో విప్పి చూపించే ఓపిక మాత్రం దానికి లేదు.

ఎగరేసే చోటే మన ఊళ్ళో పెద్ద తలనొప్పి. హైదరాబాదుకి ఒకవైపు దుండిగల్, ఒకవైపు హకీంపేట, మధ్యలో బేగంపేట, కింద శంషాబాద్. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపున్నది మైక్రో తరగతి, వ్యాపారానికి కాకపోతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు, గ్రీన్ జోన్లో 400 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు. ఆ గ్రీన్ జోను దొరకడానికే తెల్లారకుండా లేచి ఊరు దాటాలి. అమెరికాలో ఉన్నవాళ్ళకి 250 గ్రాములు దాటితే ఎఫ్ఏఏ రిజిస్ట్రేషను, ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష ఉన్నాయి గానీ, క్లబ్బు మైదానాలూ ఉన్నాయి. అదృష్టవంతులు.

పోయిన ఆదివారం రేంజి చూసుకుని, తోక ప్లగ్గు దారం ఇంకోసారి లాగి చూసి, మైదానంలో మేమిద్దరమే ఉండగా వదిలాం. ఎలివేటరుకి రెండు క్లిక్కులు పైకి పడింది, కొత్త రెక్కకి కాస్త ఎక్కువే లేపుతోంది, గరిష్ఠ వేగం మునుపటంత లేదు. మూడు నిమిషాల నలభై సెకన్లకి దింపాం. బాటరీలో ఇంకా పాతిక శాతం మిగిలింది. ముక్కు అతుకు దగ్గర రంగులో సన్నటి గీత కనిపిస్తోంది, అది రంగు పగులో, లోపలి పగులో విప్పి చూస్తే గానీ తెలీదు.