అక్క ఎం.హెచ్.ఏ. చదవాలా? ఒక మిర్చి లెక్క

మొన్న సంక్రాంతి సెలవుల్లో పెదనాన్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టారు. "ఒరేయ్, ఇంజినీరింగు కదా నువ్వు, ఈ లెక్క చెప్పు" అన్నారు. చూస్తే అది హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ ఫీజుల కాగితం. మా అక్క బీఫార్మసీ అయిపోయి, గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కులో పనిచేస్తోంది. ఇప్పుడు ఎం.హెచ్.ఏ. చేస్తానంటోంది. డబ్బు సరిపోకపోతే నల్లపాడు దగ్గరున్న చెక్క అమ్మేద్దామని పెదనాన్న ఆలోచన.

నాలుగేళ్ళుగా ఇంటెగ్రేషన్లు చేస్తున్నాను కానీ, ఇంత భయపడుతూ వేసిన లెక్క ఇదొక్కటే.

ట్యూషన్ ఫీజు రెండేళ్ళకీ కలిపి 4 లక్షలు. హైదరాబాద్‌లో హాస్టలు, తిండి నెలకి 10,000 చొప్పున 24 నెలలకి 2 లక్షల 40 వేలు. ఇంతవరకూ అందరూ వేస్తారు. మనోళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది. అక్కకి ఇప్పుడొచ్చే జీతం 15,000. చదువుకోసం మానేస్తే ఆ రెండేళ్ళలో రాకుండా పోయేది 3 లక్షల 60 వేలు. మొత్తం 10 లక్షలు. వడ్డీ ఇందులో లేదు.

మరి వచ్చేదెంత? అక్క సీనియర్ ఒకామె ఇదే కోర్సు చేసి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో 25,000 కి చేరింది. అక్క ఎక్కడికీ వెళ్ళకుండా ఉన్నచోటే ఉంటే రెండేళ్ళకి జీతం 18,000 అవుతుందనుకుందాం. తేడా నెలకి 7,000, ఏడాదికి 84,000. పది లక్షలు తిరిగి రావాలంటే దాదాపు పన్నెండేళ్ళు! అదే మొదటి జీతం 40,000 అయితే నాలుగేళ్ళలోపే తీరిపోతుంది. అంటే ఈ డిగ్రీ మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. చేరబోయే కాలేజీ నుంచి పోయినేడు బయటికెళ్ళినవాళ్ళ ఆఫర్ లెటర్లో ఏముందో అడగాలి. బ్రోచర్లో వేసే "హయ్యెస్ట్ ప్యాకేజీ" ఒక్కడిది. మనం కట్టే ఫీజు మాత్రం అందరిదీ.

పెదనాన్నకి ఈఎంఐ అంటే అర్థం కాలేదు. మిర్చిలో చెప్పాను. 6 లక్షల లోను, పదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకి సుమారు 10,100 కట్టాలి. చదివే రెండేళ్ళ వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో యార్డులో ధర పడిపోయినప్పుడు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకి 11,781 రూపాయలు. ఆ లెక్కన ఏడేళ్ళ కిస్తీలు 72 క్వింటాళ్ళ మిర్చి. ఎకరాకి ఇరవై పండిందనుకున్నా మూడున్నర ఎకరాల పంట మొత్తం. ఎరువులు, మందులు, కోత కూలి తీయకుండానే. పెదనాన్న కాసేపు మాట్లాడలేదు.

అలాగని ఈ చదువు దండగ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక మన జిల్లాల్లో ఆసుపత్రి నడపడమే మారిపోయింది. ముందస్తు అనుమతి, ప్యాకేజీ కోడ్లు, క్లెయిము, తిరస్కరణ, మళ్ళీ అప్పీలు. పక్కనే ప్రైవేటు ఇన్సూరెన్సులు, ఎన్.ఏ.బి.హెచ్. గుర్తింపు కాగితాలు. ఇవన్నీ డాక్టరు చెయ్యడు. ఒక్క కాగితం తేడా వస్తే డిశ్చార్జి అయిన పేషెంటు సాయంత్రం దాకా మంచం మీదే కూర్చుంటాడు, వాళ్ళావిడ కౌంటర్ల చుట్టూ తిరుగుతుంది. అక్క రోజూ చూసేది అదే. దాన్ని బాగుచెయ్యాలన్న కోరిక నిజమైనదే.

కాకపోతే మెట్లు ఎక్కడిదాకా ఉన్నాయో ముందే చూసుకోవాలి. గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రుల్లో సూపరింటెండెంటు కుర్చీ డాక్టరుదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ పీజీ చెయ్యాలంటే ఎంబీబీఎస్ ఉండాలి. మనలాంటి వాళ్ళకి ముంబై టిస్, హైదరాబాద్ నిమ్స్ లాంటివి ఉన్నాయి. అక్కడ సీటు కోసం ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ చదివినా నష్టం లేదని నా అభిప్రాయం. సీటు రాకపోతే భూమి అమ్మి ఏదో ఒక కాలేజీలో చేరడం మాత్రం వద్దు. ఇంకోటి, 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీలకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. బీటెక్‌కి వచ్చింది కదా, దీనికీ వస్తుందిలే అనుకుని చేరకండి, ఇప్పటి సంగతి కనుక్కున్నాకే చేరండి.

ఇక అమెరికా సంగతి. మా హాస్టల్లోనే ముగ్గురు ఇదే కోర్సు పేరు చెబుతున్నారు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో 2023 మేలో హెల్త్ సర్వీసెస్ మేనేజర్ల మధ్యస్థ వార్షిక జీతం 1,10,680 డాలర్లు. నిజమే, కానీ అది ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళనీ కలుపుకున్న అంకె. పైగా హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్ స్టెమ్ జాబితాలో లేదు. చదువయ్యాక పనికి దొరికేది 12 నెలలే, మిగతా 24 నెలల పొడిగింపు రాదు. మెడికల్ ఇన్‌ఫర్మాటిక్స్ ఆ జాబితాలో ఉంది. కోడింగ్ వచ్చిన మనం ఆ రెండో దాన్ని వదిలేసి మొదటిదానికి ఎందుకు పరిగెడుతున్నామో నాకు అర్థం కాదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లన్నాక, ఆ 12 నెలల్లో మనల్ని స్పాన్సర్ చేసే ఆసుపత్రి ఎక్కడుందో వీళ్ళు ముగ్గురూ చెప్పలేదు.

అక్కకి నా మాట పూర్తిగా నచ్చలేదు. "నువ్వు జీతం ఒక్కటే లెక్కేశావు, నేను ఆ డెస్కు వెనకే ఎన్నాళ్ళుండాలి?" అంది. ఆ కాలమ్ నా కాగితంలో లేదు. చివరికి ఉద్యోగం మానకుండా ఎంట్రన్సులు రాస్తానంది, ఒక్క ఏడాది గడువు పెట్టుకుని. పెదనాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చెక్క సంగతి ప్రస్తుతానికి ఎవరూ ఎత్తడం లేదు. తేజ రకం టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి, ధర కోసం చూస్తున్నాయి.