తూటా బరువెంత బాసూ?

పబ్జీలో గన్ను ఎంచుకుంటాం గానీ తూటా బరువు ఎంచుకోం. నిజం వేటలో అసలు లెక్క అదే. తేలిక తూటా వేగంగా వెళ్తుంది. కానీ పులి భుజం ఎముకకి తగిలితే పైపైనే చితికిపోవచ్చు. అదే సైజులో బరువైన తూటా కాస్త నెమ్మదైనా లోపలిదాకా దిగుతుంది. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షక పులి వెంటపడ్డ కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండే పాయింట్ 405 వించెస్టర్‌కి మామూలు తూటా 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైనే! గాయంతో తప్పించుకున్న పులే తర్వాత మనిషి మీద పడేది మరి.

1972 చట్టంతో ఆ సరదా వేట ఆగింది. 2024 సెప్టెంబరులో మా రావులపాలేనికి గోదావరి అవతల, కడియం నర్సరీల్లోకి చిరుత వచ్చింది. "కాల్చేయొచ్చుగా" అనడం ఈజీ. మనుషులకి ప్రాణాపాయం ఉండి, పట్టుకోవడం, మత్తివ్వడం, తరలించడం ఏదీ కుదరదని తేలితేనే చట్టం ఒప్పుకుంటుంది. అందుకే అటవీశాఖ బోన్లు, ట్రాప్ కెమెరాలు పెట్టింది.

మత్తు ఇంజెక్షన్ కొట్టాలన్నా బరువు లెక్కే. కాకపోతే తూటాది కాదు, జంతువుది. మందు తగ్గితే సగం మెలకువతో మీద పడుతుంది, ఎక్కువైతే చచ్చిపోతుంది. ఆ బరువు కంటితోనే అంచనా వేయాలి. కాబట్టి చిరుత కనబడితే వీడియో కోసం ఎగబడకండి. ఆ లెక్క వేసేవాళ్లకి దారివ్వండి.