పావు, పరక, వీసం: హాంబర్గర్ లెక్క

ఇంటికి పదిమంది వస్తారనగానే చేతికందినంత మాంసం తెచ్చి, మిగిలినదానిని మరునాడు చెత్తబుట్ట పాలు చేయడం ఆతిథ్యం అనిపించుకోదు. అమెరికాలో ఆహారం నూటికి 30 నుంచి 40 పాళ్లు వృథా అవుతున్నదని ఆ దేశపు వ్యవసాయ శాఖే అంచనా కట్టింది. అందులో దుకాణాల పాలు కొంత, గృహస్థుల పాలు కొంత. రెండవ దానికి మందు మన చేతిలోనే ఉన్నది. దాని పేరు లెక్క.

హాంబర్గర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. వేసవిలో అక్కడి పెరళ్లలో నిప్పుల మీద కాల్చే వంటకాలలో ఇది ముఖ్యమైనది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలో గొడ్డుమాంసం ముట్టనివారు కోడి కైమాతోనో టర్కీ కైమాతోనో చేసుకుంటారు. ఏ మాంసమైనా లెక్క తీరు ఒక్కటే.

ముందుగా తెలియవలసినది, తూకమంతా పచ్చిమాంసానిదేనని. ‘క్వార్టర్ పౌండర్’ అన్న పేరులోని పావు పౌండు, అనగా 113 గ్రాములు, కాల్చక ముందటి బరువు. నూటికి 20 పాళ్లు కొవ్వున్న కైమా నిప్పు మీద నీరూ కొవ్వూ వదిలి సుమారు నాలుగో వంతు తరుగుతుంది. నాలుగు పాళ్లు కొంటే కంచంలోకి వచ్చేది మూడు పాళ్లే. బిళ్లను రొట్టె కంటె కాస్త వెడల్పుగా తట్టమనేది కూడా ఇందుకే.

ఇక తలల లెక్క. పెద్దలు ఎనమండుగురు, పిల్లలు నలుగురు అనుకుందాం. పెద్దలలో సగంమంది రెండేసి తింటారు, తక్కినవారు ఒక్కొక్కటితో చాలిస్తారు. వెరసి పన్నెండు. ఒక్కొక్కటి పావు పౌండు చొప్పున మూడు పౌండ్లు. పిల్లలకు అందులో సగం, అనగా పరక చొప్పున, నాలుగు పరకలు అర పౌండు. మొత్తం మూడున్నర. కొసరుగా మరో అర పౌండు వేసుకుంటే నాలుగు పౌండ్లు, మన తూకంలో సుమారు 1,800 గ్రాములు. లెక్క కట్టకుండా తలకు అర పౌండు చొప్పున కొన్నవారు ఆరు పౌండ్లు మోసుకొస్తారు. పచ్చి కైమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి నిలువ ఉండదు. ఆ రెండు పౌండ్లను వెంటనే గడ్డకట్టించి దాచనివారికి వాటి గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పై లెక్కలో పావు, పరక అన్న మాటలు ఎంత సహజంగా ఒదిగాయో పాఠకులు గమనించే ఉంటారు. పౌండుకు పదహారు ఔన్సులు. పదహారో వంతును మనవారు వీసం అన్నారు. పావులో సగం పరక, పరకలో సగం వీసం. అంటే ఔన్సు పౌండులో వీసం వంతు. పరాయి దేశపు తూకానికి మన పాత భిన్నాల పేర్లు అచ్చుగుద్దినట్లు సరిపోతున్నాయి. మనం మాత్రం వాటిని నిఘంటువులకు అప్పగించి ఊరుకున్నాము.

భిన్నాలు రాకపోతే ఏమి నష్టమని అడిగేవారికి ఒక కథ ఉన్నది. 1980లలో ‘ఏ అండ్ డబ్ల్యూ’ అనే సంస్థ పావు పౌండు బర్గర్‌కు పోటీగా, అదే ధరకు, పౌండులో మూడో వంతు మాంసంతో బర్గర్ అమ్మజూపింది. అది నిలదొక్కుకోలేదు. నాలుగు కంటె మూడు చిన్నది గనుక తమకు తక్కువ ఇస్తున్నారని జనం అనుకున్నారట! ఆ సంస్థ యజమాని ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ 2007లో వెలువడిన తన పుస్తకంలో ఈ సంగతి చెప్పాడు. నలుగురికి పంచిన అప్పచ్చి కంటె ముగ్గురికి పంచినప్పుడు పెద్ద ముక్క వస్తుందని ఏ పసివాడికైనా తెలుసు. ఆ తెలివి కాగితం మీద అంకెల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు జారిపోతున్నది? మనం భిన్నాలను నల్లబల్ల మీద నేర్పి, కంచంలో చూపకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

కొలిచి కొనడం పిసినారితనమని కొందరి భావన. పిసినారి తక్కువ కొని అతిథిని పస్తుంచుతాడు. కొలత తెలిసినవాడు కొసరు కూడా కలుపుకొని, ఎవరికీ తక్కువ కాకుండా, ఏదీ పారవేయకుండా పెడతాడు. ఒక ప్రాణి మన కంచంలోకి వచ్చినప్పుడు దానిపట్ల చూపగల కనీస మర్యాద కూడా అదే.

కనుక ఈసారి దుకాణానికి బయలుదేరే ముందు కాగితం, కలం పిల్లల చేతికివ్వండి. ఎవరెవరు వస్తారు, ఎవరు ఎన్ని తింటారు, తరుగెంత, కొసరెంత అన్నది వారినే తేల్చనివ్వండి. పావు, పరక, వీసం అన్న మాటలను వారి నోటనే పలికించండి. మాంసం తినని ఇళ్లలో వంకాయలకైనా ఈ లెక్క చెల్లుతుంది.